ఏడో నెంబరు లాగిన మోకు

మా ఖమాయిస్ బాబాయి తిట్టు అందుకుంటే నెత్తిమీద ఎగిరే సముద్రపు కాకులు దారి మళ్ళించుకుని పెద్ద రేవు వైపు పోయేవి. మీరు నమ్మనక్కర్లేదు. స్ఫాక్స్ పట్నం బడిలో నన్ను బయటికి గెంటిన మాస్టార్లు కూడా నా మాట ఏనాడూ నమ్మలేదు. వాళ్ళు నమ్మనంత మాత్రాన కాకులేం వెనక్కి రాలేదు.

ఆ తిట్లలో మేలైనవి వినాలంటే ఆక్టోపస్ కాలం మొదలయ్యే రోజున ఆయన పడవలో ఉండాలి. మా కెర్కెన్నా దీవుల్లో ఆక్టోపస్‌కి ఎర వెయ్యం. మూతి తెరిచిన మట్టికుండల్ని పొడుగాటి మోకుకి వరసగా కట్టి సముద్రం అడుగున వదిలేస్తాం. దానికి కావలసింది ఇల్లు. ఖాళీ కుండ కనబడితే చాలు, తనంతట తనే దూరి, కాళ్ళన్నీ ముడుచుకుని, ఇంటి యజమానిలా దర్జాగా కూర్చుంటుంది. కుండని పైకి లాగుతున్నా బయటికి దూకదు. ఇల్లు దొరికిన సంబరంలో వంటింటి దాకా వచ్చేస్తుంది.

అది చూశాకే తనకి రాజకీయం అర్థమైందని బాబాయి అనేవాడు. అందుకని తన కుండల్లో ఒక్కోదానికి ఒక్కో పదవి ఇచ్చాడు. గవర్నరు, చేపల మంత్రి, ఓడల మంత్రి, స్పీకరు, టీవీలో వార్తలు చదివేవాడు. అన్నిట్లోకీ పెద్ద పొట్ట ఉన్న కుండ అధ్యక్షుడు. నీళ్ళలోకి వదిలేటప్పుడు ఒక్కోదానికీ సాగనంపు ఉండేది.

"పో, గవర్నరూ! నోరు తెరుచుకుని కూచో! నీ కడుపులో ఏమీ లేదని తెలిసినా దూరే వెధవలుంటార్లే!"

అధ్యక్షుడి వంతు వచ్చేసరికి మాత్రం నిలబడి, ఊపిరి పీల్చుకుని, పడవ ఊగేంత తిట్టు తిట్టేవాడు. అది ఇక్కడ రాస్తే ఈ పుస్తకం అచ్చువేసినాయన ప్రెస్సు మూతపడుతుంది.

ఆ కోపానికి మూలం ఆయన పై పలువరసలోని సందు. కుర్చీ దిగని పాత అధ్యక్షుడు, మా నోట పాత దొర, ఏలుతున్న రోజుల్లో ఎన్నిక అంటే పెళ్ళికొడుకు ఎవరో ముందే తెలిసిన పెళ్ళి. అందరూ వెళ్ళి అక్షింతలు వేసి రావడమే. దొర పార్టీ ఓటు కాగితం ఎర్రది, మిగతావాళ్ళవి వేరే రంగులు. ఏ రంగు పెట్టావో కవరులోంచే కనబడేది. కుర్రతనంలో ఉన్న బాబాయి ఏ రంగూ పెట్టలేదు. ఎండబెట్టిన ఆక్టోపస్ కాలు ఒకటి తుంచి కవరులో పెట్టి పెట్టెలో వేశాడు. పెట్టె తెరిచేవేళకి వాసనకి బడిలోని పిల్లులన్నీ పోలింగు గది ముందు వరస కట్టాయి. పిల్లుల సంగతి నేను కలిపాను. మిగతాది నిజం. ఎవరు వేశారో కనుక్కోడానికి పోలీసులకి ఎక్కువసేపు పట్టలేదు. బాబాయి వారం తర్వాత పళ్ళ మధ్య సందుతో తిరిగొచ్చాడు.

తర్వాత పాత దొర విమానమెక్కి పారిపోయాడు. దీవి దీవంతా వీధిలో పడి గంతులేసింది. బాబాయి కాఫీ కొట్టు గుమ్మంలోనే కూర్చుని, "వాడు పోయాడ్రా. వాడి కుర్చీని ఎవరైనా పట్టుకెళ్ళారా? అక్కడే ఉందిగా," అన్నాడు. ఆనాడు మేమంతా ఆయన్ని ముసలి గొణుగుడు అనుకున్నాం. కుర్చీ నిజంగానే అక్కడే ఉంది. ఆ తర్వాత అందులో ఎవరెవరో కూర్చున్నారు. నేను ప్రతిసారీ ఓటు వేశాను. ఒకసారి గొంతు బాగున్నవాడికి వేశాను, ఒకసారి గెడ్డం బాగున్నవాడికి, ఇంకోసారి అవతలివాడి మొహం చూడలేక ఇవతలివాడికి. ప్రతిసారీ వేలికి నీలం సిరా పూసుకుని, అది చెరిగిపోకుండా రెండ్రోజులు చెయ్యి కడగకుండా తిరిగాను. సిరా పోయేది, సరుకుల ధరలు పెరిగేవి, వాళ్ళు టీవీలో మమ్మల్ని "నా ప్రజలారా" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా కుండలోంచి ఎవరో పిలిచినట్టు ఉండేది నాకు.

బాబాయి మాత్రం వేలు తడపలేదు. ఎన్నికల రోజున కాఫీ కొట్టులో కూర్చుని, ఓటేసి వచ్చేవాళ్ళందరికీ తన చూపుడువేలు నిలబెట్టి చూపించేవాడు. "శుభ్రం! చూడండ్రా! మీ వేళ్ళు కడుక్కోండి పోయి!"

ఇంతలో సముద్రం పాడైంది. స్ఫాక్స్ ఉన్న పెద్ద గడ్డ మీది నుంచి సంచివల పడవలు వచ్చేవి. ఆ వలకి అడుగున ఇనప గొలుసు ఉంటుంది. అది సముద్రపు గడ్డిని వేళ్ళతో సహా పీకి, చేపపిల్లల్నీ గుడ్లనీ కుండల్నీ కలిపి సంచిలో వేసుకుని పోతుంది. చట్టంలో అది నేరమే. కాపలా బోటు కూడా మా రేవులోనే ఉంటుంది. దాని ఇంజను ఎప్పుడు చూసినా పాడై ఉంటుంది. నాకు తెలిసి ఆ బోటు కింద గూడు పెట్టిన పీతలకి మనవలు పుట్టారు. ప్రతి ఎన్నికలోనూ ప్రతి నెంబరువాడూ వచ్చి సంచివలని ఆపుతానన్నాడు. మాకు నెంబర్లే గుర్తు. బడి గోడ మీద సున్నంతో చట్రాలు గీసి, చట్రానికో నెంబరు వేసి, నెంబరుకో మొహం అతికిస్తారు. గాలికి మొహాలు చిరిగిపోతాయి, నెంబర్లు మిగులుతాయి.

ఈసారి అధ్యక్షుడి ఎన్నికలో మొదటి విడత ఓట్లయ్యాక గోడ మీద ఇద్దరు మిగిలారు. మూడో నెంబరు ఒక మాజీ మంత్రి. ఏడో నెంబరు స్ఫాక్స్ లాయరు ఒకాయన. మూడో నెంబరుకి మా రేవులో పెద్ద దిక్కు అజ్మీ. ఇతనూ మా బాబాయి ఈడువాడే, సముద్రంలో ఇద్దరి కుండల వరసలూ పక్కపక్కనే. పుట్టినప్పటి నుంచీ ఒకరి మాట ఒకరికి పడదు. ఏడో నెంబరుకి పెద్ద దిక్కు బాబాయి కూతురు జలీలా. ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తండ్రి నోరు, తల్లి మొండితనం రెండూ దానికే వచ్చాయి.

ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఎండు ఆక్టోపస్ వేసి కాచిన బార్లీ నూక జావ వాసన వస్తే నేను ఎవరింట్లోనైనా ఉంటాను.

"ఇద్దరే మిగిలారు నాన్నా," అంది జలీలా. "ఈసారి వెయ్యి. ఒక్కసారి."

"ఇద్దరు దొంగల్లో కాళ్ళు పొడుగున్నవాడెవడో చూసి వెయ్యమంటావా?"

"ఈయన దొంగ కాదు. సంచివలవాళ్ళ మీద కోర్టులో కేసు వాదించాడు. తెలుసా నీకు?"

"గెలిచాడా?"

"ఓడిపోయాడు."

"మరింకేం! ఓడిపోయినవాడికి పట్టం కడదాం!"

"ఓడిపోయాక మళ్ళీ వేశాడు నాన్నా కేసు. మళ్ళీ ఓడిపోయాడు. మళ్ళీ వేశాడు. నీలాగే మొండోడు. నీకు నచ్చుతాడు."

బాబాయి చెంచా జావలో పెట్టి అలాగే ఉంచాడు. ఆయన నోట వెంటనే తిట్టు రాకపోవడం నేను అప్పుడే చూశాను. "సరే," అన్నాడు చివరికి. "వాణ్ణి నా పడవెక్కమను. సముద్రం అడుగు ఎలా ఉందో చూడమను. చూసి కూడా ఆపుతానంటే, నా వేలు ఇస్తా."

"నిజంగా?"

"వేలే అన్నాను, చెయ్యి కాదు. ఎగరకు."

ఇంకో సంగతి జలీలా తర్వాత నాతో చెప్పింది. ఆ ఏడాది కుండలు వదిలేటప్పుడు బాబాయి అందర్నీ తిట్టి, అధ్యక్షుడి కుండ దగ్గరికి వచ్చి, కాసేపు చేతుల్లో పట్టుకుని, ఏమీ అనకుండా నీళ్ళలోకి దించేశాడట.

లాయరు వచ్చాడు. పెద్ద గడ్డ నుంచి వచ్చే ఓడ దిగేసరికే ఆయన మొహం పాలిపోయి ఉంది. మెరిసే బూట్లు, వెనక కెమెరా కుర్రాళ్ళు. ఆ రోజు నేను పడవలో లేను. ఉంటే కుండకి బదులు లాయరునే నీళ్ళలోకి దింపి పరీక్షించేవాణ్ణి, ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

పడవలో జరిగింది ఇది. మా వాళ్ళు కుండల వరసకి పైన తేలే బెండ్లు కట్టరు. కడితే దొంగకి దారి చూపినట్టే. మసీదు మీనారునీ ఫలానా ఖర్జూరపు చెట్టునీ ఒక గీతలోకి తెచ్చుకుని, అక్కడ కొక్కెం వేసి మోకుని వెతికి పట్టుకుంటాం. బాబాయి పడవని సరిగ్గానే నిలబెట్టాడు. కానీ వాంతి చేసుకుని తేరుకున్న లాయరు, నేనే లాగుతానని కొక్కెం తీసుకుని అటుపక్కకి విసిరాడు. కొక్కేనికి మోకు తగిలింది. లాగాడు. పాపం, బాగానే లాగాడట. చేతులు చీరుకున్నా వదల్లేదట. మొదటి కుండ పైకొచ్చింది. దాని మెడ చుట్టూ రెండు సున్నపు గీతలున్నాయి. లోపల బస్తా అంత ఆక్టోపస్.

బాబాయి కుండలకి మూతి దగ్గర గంటు ఉంటుంది. రెండు గీతల కుండలు అజ్మీవి.

ఇక్కడ ఒక మాట. మా రేవులో దొంగతనాలున్నాయి, అబద్ధాలున్నాయి, పక్కవాడి పెళ్ళాం మీద కన్నేసినవాళ్ళున్నారు. కానీ ఇంకొకడి మోకు లాగినవాడు లేడు. పొరపాటున కొక్కేనికి తగిలినా, గీత కనబడగానే వదిలెయ్యాలి. కుండలో బంగారపు ఆక్టోపస్ ఉన్నా సరే. బాబాయి ఆ రెండు గీతలు చూశాడు. నోరు తెరిచాడు. కెమెరా కుర్రాడు, "నవ్వండి బాబాయ్!" అన్నాడు. బాబాయి పళ్ళ సందు కనబడేలా నవ్వాడు.

ఆ నవ్వు వారం తిరక్కుండా బడి గోడ మీదికి ఎక్కింది. ఏడో చట్రంలో కొత్త బొమ్మ. లాయరు రెండు చేతులా ఎత్తిపట్టిన కుండ, దానికి వేలాడుతున్న ఆక్టోపస్, పక్కన మా బాబాయి. కింద 'సముద్రం మనది' అని పెద్ద అక్షరాలు. కుండ మెడ మీద సున్నపు గీతలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. స్ఫాక్స్‌లో చూసినవాళ్ళకి అది కుండ. మా రేవులో చూసినవాళ్ళకి అది అజ్మీ కుండ.

అజ్మీ ఆ బొమ్మని గోడ మీంచి ఊడదీసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని కాఫీ కొట్టుకి వచ్చాడు. అక్కడ అందరం ఉన్నాం. రేవులో వయసులో పెద్దవాడు హాజ్ మఖ్లూఫ్ తాత కూడా గోడ పక్కన తన బల్ల మీద టీ తాగుతున్నాడు. అజ్మీ ఆ బొమ్మని బాబాయి ముందు పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు.

"ఇదెవరి కుండ్రా ఖమాయిస్?"

వెనక బల్లల వాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"నీదే," అన్నాడు బాబాయి.

"లాగిందెవరు?"

"ఆయన."

"చూసిందెవరు?"

"నేను."

"మరి నీ నోట్లో ఏముందిరా అప్పుడు? మమ్మల్ని తిట్టడానికి తెరుచుకునే నోరు! అధ్యక్షుణ్ణి, మంత్రుల్ని, మా తాతల్ని తిట్టే నోరు! 'వదిలెయ్' అనడానికి రాలేదా? నీ ఆక్టోపస్ తింటే అరగలేదని నాదానికొచ్చావా?"

"ఆక్టోపస్‌ని వాళ్ళు పట్టుకుపోయారు. నేను ముట్టలేదు."

"ముట్టలేదంట! విన్నారా? నవ్వాడంతే!"

బాబాయి తిడతాడని అందరం చూశాం. నేనైతే కాకుల కోసం కిటికీలోంచి బయటికి కూడా చూశాను. ఆయన బొమ్మ మీద వేలు పెట్టి, లాయరు చేతుల దగ్గర ఆపాడు.

"ఒరేయ్ అజ్మీ, ఇంత బతుకు బతికాం. వచ్చినవాడెవడైనా మన మోకు పట్టుకున్నాడా? రేవులో నిలబడి మైకు పట్టుకున్నారు గానీ మోకు పట్టుకున్నవాడు లేడు. వీడు పట్టుకున్నాడు. చేతులు కోసుకుపోయినా లాగాడు. వదిలెయ్ అంటే మళ్ళీ ఈ జన్మలో పట్టుకోడేమోననిపించింది. అంతే. నోరు పెగల్లేదు."

"అయితే వాణ్ణే రమ్మను," అన్నాడు అజ్మీ. "లాగినవాడు వాడు. వాడి మోకు లాగుతా నేను. వాడి కుండలెక్కడున్నాయో చెప్పు!"

ఎవరో నవ్వారు. హాజ్ మఖ్లూఫ్ తాత గ్లాసు కింద పెట్టాడు. ఆయన సముద్రంలోకి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది, కానీ రేవు తగవులు ఆయన దగ్గరే తెగుతాయి.

"బయటివాడికి గీత తెలీదు," అన్నాడు తాత. "తెలీనివాడి మీద తప్పు పడదు. తెలిసి ఊరుకున్నవాడి మీద పడుతుంది. అజ్మీ, నువ్వు ఖమాయిస్ మోకు పట్టపగలు, అందరి ముందూ, ఒకసారి లాగుతావు. కుండల్లో ఉన్నది నీది. నువ్వు లాగి తీసుకునేదాకా..."

చివరి మాట ఆయన అనలేదు. అనక్కర్లేదు. మా రేవులో పడవ వచ్చినప్పుడు, అందులో ఉన్నవాడు శత్రువైనా సరే, గట్టు మీద ఎవరున్నా వాడు విసిరిన మోకు అందుకుని కట్టిపెడతారు. తప్పు తీరని మనిషి మోకు మాత్రం అందుకోరు.

ఆ సాయంత్రమే బాబాయి పడవ వచ్చింది. గట్టు మీద పదిమందిమి ఉన్నాం. ఆయన అలవాటు కొద్దీ మోకు విసిరాడు. అది వచ్చి మా కాళ్ళ ముందు పడి, జారి, నీళ్ళలోకి పోయింది. బాబాయి నడుంలోతు నీళ్ళలోకి దిగి, దాన్ని వెతుక్కుని, తనే కట్టుకున్నాడు. ఆయన నీళ్ళలో ఉండగానే జలీలా ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలోంచి గట్టు మీదికి వచ్చింది. మోకు కోసం చెయ్యి చాచింది. బాబాయి దాని వంక చూసి తల అడ్డంగా ఊపాడు. అది చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ బొమ్మ తీసేయమని జలీలా లాయరు మనుషులకి ఫోను చేసింది. "ఆ ఫోటో జనంలోకి బాగా వెళ్ళిందమ్మా, మార్చలేం," అన్నారట. లాయరుతో మాట్లాడతానంటే సభలో ఉన్నాడన్నారట. అది ఫోను పెట్టేసి తండ్రి దగ్గర నేర్చుకున్న తిట్టు ఒకటి వాడింది. ఫ్యాక్టరీలో సగం ఐసు కరిగిపోయింది.

లాగడానికి శనివారం పెట్టారు. ఆదివారమే ఓట్లు. శనివారం ప్రచారం ఉండదు, మైకులు మూసుకుంటాయి, రేవంతా తీరిగ్గా ఉంటుంది. గాలి కూడా లేదు. ఉన్న పడవలన్నీ అజ్మీ పడవ వెనక బయల్దేరాయి. ఈసారి నేనూ ఉన్నాను. అలాంటి తమాషా వదులుకుంటే నాకు పేరెలా ఉంటుంది? బాబాయి తన పడవలో ఒక్కడే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మోకు లాగేవేళ తప్పు చేసినవాడు మాట్లాడకూడదు.

అజ్మీ మీనారునీ చెట్టునీ చూసుకుని, కొక్కెం వేసి, మోకు అందుకున్నాడు. కుండల పేర్లు దీవంతా ఎరుగు. మొదటిది రాగానే గొంతెత్తి అరిచాడు.

"గవర్నరు గారు వస్తున్నారహో! లేవండి, నిలబడండి!" కుండని వంచాడు. నల్లటి బురద దబ్బుమని పడింది. "గవర్నరు గారు బురద!"

పడవలన్నీ పగలబడి నవ్వాయి.

"చేపల మంత్రి!" మళ్ళీ బురద. "ఈయనా అంతే! ఓడల మంత్రి! ఓహో, ఈయన మూతి పగిలింది, మాట్లాడలేరు!"

"వార్తలు చదివేవాణ్ణి వంచవయ్యా అజ్మీ, ఏం చెప్తాడో!" అని నేనే అరిచాను.

వంచాడు. బురద, దాంతో పాటు వేళ్ళతో సహా ఊడిన సముద్రపు గడ్డి. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. తర్వాతి కుండ సగమే వచ్చింది. ఆ తర్వాతిదాని మెడ మాత్రమే. నీళ్ళలోకి వంగి చూశాను. గడ్డి ఉండాల్సిన చోట అడుగు దున్నిన చేనులా ఉంది. సంచివల గొలుసు ఈడ్చుకుపోయిన కొత్త గాడి తిన్నగా, మా ఊరి రోడ్డు కన్నా తిన్నగా, కనుచూపు మేర ఉంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అజ్మీ కూడా పేర్లు పిలవడం మానేసి వట్టినే లాగుతున్నాడు.

ఆఖర్న అధ్యక్షుడు వచ్చాడు. అంటే మోకు ముడి వచ్చింది, ముడిలో కుండ మూతి వచ్చింది. పొట్ట లేదు.

అజ్మీ దాన్ని పట్టుకుని కాసేపు చూసి, గబుక్కున పడవ తిప్పాడు. తన వరస ఉండాల్సిన చోట కొక్కెం వేశాడు. ఏమీ తగల్లేదు. ఇటు వేశాడు, అటు వేశాడు. మీనారునీ చెట్టునీ మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. అతని రెండు గీతల కుండల్లో ఒక పెంకు కూడా మిగల్లేదు. మోకుతో సహా సంచిలో పడి పెద్ద గడ్డకి పోయాయి.

ఇక కలిసి ఏడుస్తారని నేను అనుకున్నాను. అజ్మీ సంగతి నాకింకా తెలీలేదన్నమాట. ఆ కుండ మూతిని బాబాయి పడవలోకి గిరాటేశాడు.

"నాకొద్దు నీ బురద! నా హక్కు ఆక్టోపస్‌ది. నా కుండలో ఆక్టోపస్ ఉంది, గోడ మీద దేశమంతా చూసింది. నీ కుండల్లో ఆక్టోపస్‌లు పడ్డ రోజున లాగుతా. అప్పుడు తీరుతుంది నీ తప్పు. అప్పటిదాకా నీ మోకు నువ్వే కట్టుకో!"

"ఇలా దున్నేస్తుంటే కుండలో ఆక్టోపస్ ఎప్పటికి పడుతుందిరా గాడిదా?" బాబాయి ఇక ఆగలేకపోయాడు.

"అది నీ ఏడో నెంబరుని అడుగు! వాడేగా ఆపుతానంది!"

అందరం హాజ్ మఖ్లూఫ్ తాత వైపు చూశాం. ఆయన మా పడవలోనే ఉన్నాడు. "అజ్మీ అడిగింది న్యాయమే," అన్నాడు.

అధ్యక్షులందర్నీ బతుకంతా తిట్టిన మనిషి. ఇప్పుడు ఆయన పేరు రేవులో నిలబడాలంటే ఒక అధ్యక్షుడు అన్న మాట నిలబెట్టుకోవాలి. ఇంతకంటే ఘోరమైన శిక్ష పాత దొర పోలీసులకి కూడా తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే బడి దగ్గర వరసలో అందరికన్నా ముందు బాబాయి నిలబడ్డాడు. మొహం చూస్తే ఓటు వేయడానికి వచ్చినవాడిలా లేడు, ఎవణ్ణో పొడవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. జలీలా పలకరించబోతే, "మాట్లాడకు. నీ వల్లే," అన్నాడు. లోపల ఏం జరిగిందో నా కళ్ళతో చూశాను, వెనక నేనే ఉన్నాను. సిరా సీసా బల్ల మీద ఉంది. అక్కడ కూర్చున్న పిల్ల, "కొసే ముంచండి పెద్దాయనా, చాలు," అంది. బాబాయి ఎవరి కంట్లోనో పొడుస్తున్నట్టు వేలు మొదలంటా సీసాలోకి పొడిచాడు. సిరా చిమ్మి ఆ పిల్ల చేతి మీద పడింది.

బయటికొచ్చి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. అజ్మీ ఊడదీసిన చోట లాయరు మనుషులు అదే బొమ్మ మళ్ళీ అతికించారు. నీలం వేలు బొమ్మలోని లాయరు మొహం మీదికి ఎత్తాడు.

"ఇదిగో, ఇచ్చాను! చూడు! నీ మీద ఇష్టం కొద్దీ ఇచ్చాననుకోకు. ఆ మోకు పట్టుకున్నప్పుడు నీ చేతులు తెగాయి చూడు, ఆ నెత్తురు మీద ఇచ్చాను. గొలుసు ఆపు. ఆపకపోయావో, నువ్వు రాజభవనంలో ఉన్నా, దాని కింద నేలమాళిగలో ఉన్నా, నా తిట్టు అక్కడిదాకా వస్తుంది!"

వరసలో ఉన్న అజ్మీ, "నేను మూడోవాడికే వేస్తా. వాడు ఆపినా తప్పు తీరుతుందిలే నీకు," అన్నాడు.

"వాడా? వాడి తమ్ముడివేరా సగం సంచివలలు!"

"తమ్ముడు వేరు, వాడు వేరు."

"ఒకే కుండలోవి రెండూ!"

పోలింగు చూసుకునే పోలీసు వచ్చి ఇద్దర్నీ విడదీశాడు.

ఏడో నెంబరు గెలిచాడు. కాఫీ కొట్టులో టీవీ ముందు కుర్రాళ్ళు కుర్చీలెక్కి అరిచారు, జలీలా ఏడ్చింది, నేను ఎవర్నో కావలించుకున్నాను, ఎవర్నో గుర్తులేదు. బాబాయి లేచి, సిరా వేలు జేబులో పెట్టుకుని, ఇంటికి పోయి పడుకున్నాడు. మర్నాడు కొత్త కుండలు తెచ్చుకుని, మూతికి గంట్లు పెట్టుకున్నాడు. ఈసారి అజ్మీ కొక్కేనికి సులువుగా తగిలేలా వరస వేశాడు.

అది జరిగి చాలా నెలలైంది. ఆ సిరా గోరు మొదలు దగ్గర సన్నటి గీతగా కొన్నాళ్ళు ఉండి, అదీ పోయింది. కొత్త అధ్యక్షుడు టీవీలో రెండుసార్లు సముద్రం మాటెత్తాడు. సంచివలలు కొన్నాళ్ళు మానేసి మళ్ళీ వచ్చాయి, మళ్ళీ మానేశాయి, మళ్ళీ వచ్చాయి. ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు. ఒకవేళ కుండలాగే ఖాళీగా ఉందేమో. నాకు మాత్రం ఇప్పుడు టీవీలో ఎవడు "నా ప్రజలారా" అన్నా చెప్పు విసరాలనిపిస్తుంది. విసరను. టీవీ కొట్టువాడిది.

బాబాయి ప్రతి సాయంత్రం మోకు విసురుతాడు. విసరక్కర్లేదు, ఎవరూ అందుకోరని తెలుసు, అయినా విసురుతాడు. నీళ్ళలో పడుతుంది. దిగి, వెతుక్కుని, కట్టుకుంటూ, అధ్యక్షుడికి ఆనాటి తిట్టు పంపిస్తాడు. అజ్మీ సరిగ్గా ఆ వేళకి గట్టు మీదికి వచ్చి నిలబడతాడు. వినడానికే వస్తాడని నా నమ్మకం.

మొన్న బాబాయి నీళ్ళలో నిలబడి తిట్టు అందుకున్నాడు. చాలా మంచి తిట్టు. లాయరు బూట్ల దగ్గర మొదలై, ఆయన ముత్తాత వైపు ఎక్కుతోంది. అంతలో రేవు చివర్న ఏదో దగ్గింది. మళ్ళీ దగ్గింది. గుక్క తిప్పుకుని గడగడా తిరగడం మొదలుపెట్టింది. కాపలా బోటు ఇంజను. పీతలన్నీ కింద నుంచి పరిగెత్తుకు రావడం నేను చూశాను.

బాబాయి తిట్టు మధ్యలో ఆపి, తడిమోకు చేత్తో పట్టుకుని, అటు తిరిగి వింటూ నిలబడ్డాడు. గట్టు మీద అజ్మీ కూడా చెవి అటు పెట్టాడు. ఇంజను కాసేపు ఆడి, నల్లటి పొగ ఒకటి వదిలి, ఆగిపోయింది.

ఇద్దరూ ఇంకొంచెంసేపు చూశారు. మళ్ళీ తిరుగుతుందేమోనని.

అప్పుడు బాబాయి మోకు ముడి బిగించి, మిగతా సగం తిట్టు పూర్తిచేశాడు.